అత్త హార్మోనియం పక్కన పీట

మొన్న ఆదివారం జల్‌పల్లిలో మా ఇంటి ముందు ఆటో ఆగి, అందులోంచి పాత చీరలో మూటగట్టిన హార్మోనియం దిగింది. మూత తీయగానే డాంబర్ గోళీలూ, పాత తోలూ, ఏళ్ల తరబడి పేరుకున్న అగరుబత్తి పొగా కలిసిన వాసన గుప్పుమని కొట్టి, నేను పుట్టి పెరిగిన ధూల్‌పేట ఇంటి ముందు గదిలోకి నన్ను లాక్కుపోయింది.

మాది పాల వ్యాపారం. తెల్లారేసరికి బాపు క్యాన్లు బండికి కట్టుకుని పోతే, సుగుణత్త ఆ గదిని నీళ్లతో కడిగి, చాప పరిచి, ఈ పెట్టె ముందు కూర్చునేది. బాపుకు చెల్లెలు. సంగీతం కాలేజీలో డిప్లొమా చేసి, ఏ బడిలోనూ ఉద్యోగం దొరకక, ఇంట్లోనే పాఠాలు మొదలుపెట్టింది. మొదట్లో వచ్చిన పిల్లలు పాటకు కాదు, అమ్మ పెట్టే కోవా కోసం వచ్చేవాళ్లు. వానాకాలమంతా గల్లీలో వినాయకుడి బొమ్మల పచ్చి మట్టి వాసన, రంగుల వాసన, బొమ్మలు ఎత్తుకుపోవడానికి వచ్చిన లారీల హారన్లు. మసీదు నుంచి అజా వినిపిస్తే అత్త హార్మోనియం ఆపి, అది అయ్యేదాకా కళ్లు మూసుకుని కూర్చునేది, ఆ సందులో మేం ఒకరినొకరు గిల్లుకునేవాళ్లం. మేం స పట్టి ఉండగా వెనక కొట్టంలోంచి బర్రె అరిస్తే, "గదే మంచిగ శ్రుతిల ఉన్నది, మీరే లేరు" అని నవ్వేది.

అంత నవ్వే మనిషికి ఒకటే దిగులు. అత్తది బరువైన గొంతు. ఆమె పాడి చూపిస్తే పిల్లలు ఆ గొంతును అందుకోబోయి తామూ కిందికి దిగిపోయి, బావిలోంచి మాట్లాడినట్టు పాడేవాళ్లు. వాళ్ల తల్లులు నెల తిరక్కుండానే మాన్పించేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి నన్ను చెయ్యి పట్టి లాగి, హార్మోనియం పక్కన పీట మీద కూర్చోబెట్టింది.

"నువ్వు అను బిడ్డా, వాళ్లు నీ ఎంబడి అంటరు."

నేను అన్నాను, వాళ్లు అందుకున్నారు. ఆ పూట నుంచి ఆ పీట నాదైపోయింది. స రి గ మలు, ఆ సరళీ వరుసలన్నీ, సంగీతంలో అందరూ ముందుగా ఎక్కే మెట్లు, నేను ఒక్కో వరుసా పాడితే గదంతా నా వెనక పాడేది. చూస్తుండగానే గడప బయట చెప్పులు కుప్పబడ్డాయి. నయాపూల్ దగ్గర బట్టల దుకాణాల వాళ్ల పిల్లలు రిక్షాల్లో రావడం మొదలైంది. బాపు పాల క్యాన్లకు వాకిట్లో రేకులు వేయించి, గది మొత్తం చెల్లెలికి ఇచ్చేశాడు. నేనైతే కళ్లు నెత్తికెక్కి, కొత్తగా వచ్చిన పిల్లను నా పీటను ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా అత్త దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త పాఠం ఎప్పుడు పడితే అప్పుడు చెప్పేది కాదు, దసరా నాడే. సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు ఇంకా డబ్బాలో ఉండగా, కొత్త గౌన్లతో వచ్చి వరుసగా కూర్చుంటే, ఒక్కొక్కరి చేతిలో జమ్మి ఆకు పెట్టి, ఇవాళ్టి నుంచి నీకు ఫలానాది అని చెప్పేది. మొదటి దసరాకు ఇద్దరు ముగ్గురు గీతాల్లోకి, అంటే అసలు పాటల్లోకి, పోయారు. నా వంతు వచ్చేసరికి అత్త నా బుగ్గ గిల్లి, "నీకు వచ్చే దసరాకు" అంది. వచ్చే దసరాకూ అదే మాట. నా వెనక స రి గ మ నేర్చుకున్న పిల్లలు గీతాలు దాటి కీర్తనల్లోకి వెళ్తుంటే, నేను కొత్తవాళ్లకు మళ్లీ మొదటి వరుస అంటూనే ఉన్నాను. నాలో ఇంకా ఏదో లోపం ఉందనుకుని, స్నానం చేసేటప్పుడు కూడా అవే సాధన చేసేదాన్ని.

ఇంకో దసరా దగ్గర పడింది. వంటగదిలో అమ్మకూ అత్తకూ మాటలు నడుస్తుంటే, కొట్టం వైపు కిటికీ కింద నేను బర్రెకు తౌడు కలుపుతున్నాను.

"ఈసారన్న మన పద్మకు గీతం చెప్పరాదా సుగుణా? మస్తు ఆశ పడ్తున్నది."

"చెప్తే కొత్తోళ్లకు ఎవరంటరు వదినా? దానికి పాటలు అలవాటైతే మళ్ల స రి గ మ పట్టుకొని కూసుంటదా? అది గక్కడ ఉంటేనే నా క్లాసు నడుస్తది."

అమ్మ కొట్లాడుతుందనుకున్నాను. అమ్మ పాలు పొంగుతున్నాయని పొయ్యి వైపు తిరిగింది.

తౌడు చేత్తోనే ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడుపు కన్నా ముందు సిగ్గేసింది. అత్త ఆపింది నాకు రాదని కాదు, నాకు రాకుండా ఉండాలని. అత్తే నన్ను మోసం చేసిందంటే ఎవరికి చెప్పుకోను? మర్నాడు అత్త "అను బిడ్డా" అంటే పెదవులు బిగించి కూర్చున్నాను. రెండోసారి అడిగింది. తర్వాత నా వైపు చూడనైనా చూడకుండా, ఎదురుగా ఉన్న ఒక సన్నగొంతు పిల్లను పిలిచి నా పీట మీద కూర్చోబెట్టింది. క్లాసు ఎప్పటిలాగే నడిచింది. నేను లేకపోతే ఆగిపోతుందన్న ఆ క్లాసు ఒక్క పూటైనా ఆగలేదు. నన్నెవరూ బతిమాలలేదు. నేనూ మళ్లీ ఆ గదిలోకి పోలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు, కొట్టం లేదు, అక్కడ నాలుగంతస్తుల గోదాము లేచింది. అత్త పాడించిన పిల్లల్లో కొందరు పంతులమ్మలయ్యారు. వినాయక చవితికి మండపాల్లో సన్మానాలు చేసి అత్తకు శాలువాలు కప్పుతారు. తను పంపిన హార్మోనియం అందిందో లేదో కనుక్కుందామని ఆ రాత్రి అత్తే ఫోన్ చేసింది.

"అది నీకే చెందాలె బిడ్డా. నా మొదటి శిష్యురాలివి నువ్వే కద."

మంచిదత్తా, అని పెట్టేశాను.

మా చిన్నది పెట్టె చుట్టూ తిరిగి తిరిగి, నా ఒళ్లో కూర్చుని ఏదైనా పాట పాడమంది. తిత్తి ఊపి, కళ్లు మూసుకుని, స రి గ మ ఎత్తుకున్నాను. గొంతు ఎక్కడా జారలేదు. మొదటి వరుస అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది.

అది కాసేపు ఓపిగ్గా విని, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"గిది పాట కాదు కదమ్మా. పాట పాడు."