మడమ గుర్తు

మా నాయనమ్మ తుంటి మీద నేను కాలు మోపినప్పుడు లోపల ఒక చప్పుడైంది. ఈ మాట ఇంతవరకు నా నోటితో ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు పేజీలో "ఎండగా ఉంది. పద్ధెనిమిది నూలు కండెలు చుట్టాను" అని మాత్రమే ఉంది. ఇవాళ పొద్దున పక్కవాటాలో బాలింత స్నానానికి వావిలాకు వేసి నీళ్ళు కాస్తున్నారు. ఆ పచ్చి చేదు వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పుస్తకం మూసేశాను. బెజవాడలో కాపురం పెట్టి మూడేళ్ళయింది. ఈ వాసన తగిలినప్పుడల్లా మా ఊళ్ళో కట్లు కట్టే నాంచారమ్మ మామ్మ చేతులే గుర్తొస్తాయి. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెని ఎరగనివాళ్ళకి ఆమె గురించి చెప్పాలంటే ముందు నా కాలి సంగతి చెప్పాలి.

మాది ఉయ్యూరు దగ్గర కాలువగట్టున చిన్న ఊరు. నేసేవాళ్ళ ఇళ్ళు పాతిక దాకా ఉండేవి. నాన్న మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. అలా కూర్చునేవాళ్ళకి నడుము పట్టెయ్యడం, తుంటి లాగెయ్యడం జలుబంత మామూలు. నేను పుట్టినప్పుడు తలకి బదులు కాళ్ళు ముందు వచ్చాయట. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో మూడుసార్లు తాకితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. అందుకని ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు మా అరుగు మీద బోర్లా పడుకుని ఉండేవారు. నేను నలుగురిలో నోరు పెగలని పిల్లని. బడిలో జవాబు తెలిసి కూడా తల దించుకునేదాన్ని, కథల పుస్తకాలు కండెల బుట్ట అడుగున దాచుకుని చదివేదాన్ని. అలాంటి నాకోసం ఆదివారాలు మనుషులు వచ్చేవారు. తాకి, పెద్దవాళ్ళని కాలితో తాకిన పాపం పోవాలని దణ్ణం పెట్టేదాన్ని. "బంగారు పాదమే నీది" అంటూ వాళ్ళు లేచేవారు. కొందరికి నిజంగానే తగ్గేది. ఎందుకు తగ్గేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అప్పుడు తోచలేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, యుద్ధం రోజుల్లో, నాయనమ్మ కాలువ రేవులో బిందెతో సహా జారి పడింది. మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. "నా మనవరాలుండగా నాకింకెవరు కావాలి" అని ఆమే నన్ను పిలిచింది. మూడుసార్లు తాకాను. మూలుగు తగ్గలేదు. పక్కింటి సీతాయమ్మ వెనకనుంచి, "ఈగ వాలినట్టు తాకితే పట్టు వదుల్తుందటే? గట్టిగా మోపు" అంది. అందరూ నన్నే చూస్తున్నారు. నా వల్ల కాదని అనిపించుకోవడం ఇష్టం లేక బరువంతా కాలి మీదికి తెచ్చి మోపాను. మగ్గం మీద పడుగులో ఒక్క పోగు తెగితే ఎంత చప్పుడవుతుందో అంతే. ఎవరికీ వినపడలేదు. నాయనమ్మ అరవలేదు కూడా. చెయ్యి చాపి నా చీలమండ గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత నాంచారమ్మ మామ్మని పిలుచుకొచ్చారు. తాటితోపు వైపు ఉండేది. తాటిచెట్ల మీదనుంచి పడినవాళ్ళకి ఆమె తండ్రి కట్లు కట్టేవాడట. కొడుకుల్లేక ఆ పని కూతురికి నేర్పాడు. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. బొటనవేళ్ళు మాత్రం మగవాళ్ళవిలా ఉండేవి. వస్తూనే చెయ్యి వేస్తుందనుకున్నాం. ఆమె మంచం కాళ్ళవైపు చతికిలబడి ఊరికే చూసింది. నాయనమ్మ ఎడమపాదం పక్కకి తిరిగిపోయి ఉంది. ఆ కాలు రెండోదానికన్నా కాస్త పొట్టిగా కనిపిస్తోంది.

"ఇది నా చేతి పని కాదు. ఈ పిల్ల కాలి పనీ కాదు. రెండు కాళ్ళూ కలిపి కట్టి, కదలకుండా పడవలో బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అంది.

"కట్లు కట్టేదానివి నువ్వే ఆస్పత్రంటే ఎట్టాగమ్మా?" అంది సీతాయమ్మ.

"నాకు చేతగానిదేదో నాకు తెలుసు సీతాయమ్మా. అందుకే నేను కట్టినోళ్ళు నడుస్తున్నారు."

అప్పుడు నావైపు తిరిగి, ఎంత గట్టిగా మోపావని అడిగింది. "ఊరికే తాకానంతే" అన్నాను. ఆమె నా కాలి వైపు చూడలేదు, మొహంలోకి చూసింది.

ఆస్పత్రిలో కాలికి బరువు కట్టి నెలల తరబడి పడుకోబెట్టారు. నాయనమ్మ తిరిగి వచ్చింది కానీ మళ్ళీ నడవలేదు. రెండేళ్ళు మంచంలోనే ఉంది. చూడవచ్చినవాళ్ళతో, "మా పిల్లది బంగారు పాదం. నా రాత బాగోలేదు" అనేది. తిట్టినా బాగుండేది. ఆ రోజు తర్వాత నేను ఎవరి మీదా కాలు మోపలేదు. పెద్దపిల్లనయ్యానని సిగ్గుపడుతున్నాననుకున్నారు.

పదహారో ఏట నాకే తుంటి నొప్పి పట్టుకుంది. రాట్నం ముందునుంచి లేచేసరికి ఎడమవైపు కలుక్కుమనేది. కొన్నాళ్ళకి తొడ మీదుగా మోకాలి దాకా పాకింది. అమ్మ నూనె రాసింది, ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది. రెండు రోజులు సుఖం, మూడోరోజు మామూలే. చివరికి మామ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె నొప్పి ఎక్కడని కూడా అడగలేదు. నా కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసి, వాకిట్లో పరిచిన నాపరాళ్ళ మీద అటునుంచి ఇటు నడవమంది. నడిచాను. ఆమె వంగి నా తడి అడుగులు చూసింది. కుడివి నిండుగా పడ్డాయి. ఎడమవి వేళ్ళూ, వాటి కింద కాస్త పాదమూ, అంతే.

"మడమ ఏదే?" అంది.

నేనూ అప్పుడే చూశాను. రెండేళ్ళుగా ఆ కాలు పూర్తిగా నేలకి ఆనించడం లేదని నాకే తెలియదు.

"ముల్లు దిగిందా?"

"లేదు మామ్మా."

"మరి నేల మీద కోపమా? మడమ ఎత్తి నడిస్తే కాలు పొడుగైనట్టు లెక్క. దాన్ని ఈడ్చుకురావాలంటే తుంటి అడుగడుక్కీ పైకి లేవాలి. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది పాపం? నొప్పి తుంటిలో ఉంది, తప్పు మడమలో ఉంది" అంది అమ్మతో. తప్పు అన్న మాట వినగానే ఎడమకాలు వెనక్కి లాక్కున్నాను.

వావిలాకు నీళ్ళలో గుడ్డ ముంచి తుంటి మీద వేసింది. నువ్వులనూనె రాసి, చాలాసేపు వేళ్ళతో వెతికింది. పక్కకి పడుకోబెట్టి, మోకాలు ముడిపించి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద ఉంచి, "ఊపిరి వదులు" అంది. వదిలాను. చిన్నగా ఒక్క తోపు. టక్కుమంది. నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. నొప్పి తుంటిలో ఉంటే చెవులు మూసుకున్న పిల్లని ఆమె కాసేపు చూసి, "వేళ్ళు విరుచుకుంటే వచ్చే చప్పుడే ఇదీ. భయం లేదు" అంది. ఎముక విరిగితే వేరే చప్పుడు వస్తుందా అని అడగాలనుకున్నాను. లేచి ఓణీ సర్దుకున్నాను. ఇంటికి బయలుదేరుతుంటే, "ఆదివారం ఆదివారం పంపించు. అయినా నా చెయ్యి చేసేది సగం కూడా కాదు. మిగిలింది దాని నడకే చెయ్యాలి" అని అమ్మకి చెప్పింది.

నొప్పి రెండు నెలల్లో తగ్గింది. నేను వెళ్ళడం మానలేదు. ఆమెకి చదువు రాదు. ఎవరికి ఏం చేసిందో, ఎన్నాళ్ళకి తగ్గిందో నేను రాసిపెట్టేదాన్ని. డైరీలో నా సంగతులు తగ్గి మనుషుల తుంట్లు ఎక్కువయ్యాయి. తుంటి అని చూపించినవాడికి ఆమె నడుము నొక్కి చూసేది. గజ్జలో నొప్పి అంటే కీలు అరిగిందేమో చూడాలనేది. జ్వరంతో తుంటి నొప్పి వచ్చినవాళ్ళనీ, కాలు మొద్దుబారినవాళ్ళనీ, పడిన ముసలివాళ్ళనీ ముట్టుకునేది కాదు, ఆస్పత్రికి తోలేది. తగ్గనివాళ్ళ పేర్లు కూడా రాయమనేది. "తగ్గినోళ్ళు మనకి ఏం నేర్పుతారే?" అనేది. నాన్నని, మూర నేసినప్పుడల్లా గుంటలోంచి లేచి వాకిట్లో తిరిగి రమ్మంది.

"లేస్తా కూర్చుంటా ఉంటే చీర ఎప్పుడు దిగుద్ది నాంచారమ్మా?" అన్నాడు నాన్న నవ్వుతూ.

"నువ్వు అసలు లేవలేనినాడు చీర ఎవరు నేస్తారయ్యా?"

ఒకరోజు నా చేతిని ఒక ముసలావిడ నడుము మీద పెట్టించి, "నీ కాలికి కళ్ళు లేవే. వేళ్ళకి ఉంటాయి. ముందు చూడు, తర్వాత అడుగు, ఆఖర్న ముట్టుకో" అంది. నా జీవితంలో ఒకరి నడుము మీద నేను చెయ్యి వేయడం అదే మొదటిసారి. ఆ చర్మం కింద వెచ్చగా, బిగుసుకుపోయి, ఒక మనిషి ఉంది. నాయనమ్మ పోయిన రోజున కూడా మామ్మకి చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. ఆదివారాలు ఇంకా చాలా ఉన్నాయనుకున్నాను.

పెళ్ళయి బెజవాడ వచ్చేశాను. కిందటేడు వేసవిలో పుట్టింటికి వెళ్ళిన రెండోరోజు, మామ్మ వాకిట్లో పడిపోయిందని కబురొచ్చింది. ఆ నాపరాళ్ళ మీదే. నేను వెళ్ళేసరికి మంచం చుట్టూ జనం. నన్ను చూసి దారి ఇచ్చారు. "బంగారు పాదం వచ్చింది. మొహమాటపడకే, ఒక్కసారి మోపు" అంది సీతాయమ్మ. నేను మంచం కాళ్ళవైపు కూర్చుని చూశాను. పాదం పక్కకి తిరిగి ఉంది.

"ఎవరూ ముట్టుకోకండి. రెండు కాళ్ళూ కలిపి కట్టండి. బెజవాడ తీసుకెళ్దాం" అన్నాను. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ్మ కళ్ళు తెరవకుండానే, "చూశావా సీతాయమ్మా, నోరుంది దీనికి" అంది.

ఆస్పత్రిలో మూడు వారాలు బతికింది. రోజూ జావ కాచి తీసుకెళ్ళేదాన్ని. తర్వాత ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయింది. ఇప్పటికీ స్నానం చేసి వచ్చి, వెనక్కి తిరిగి గచ్చు మీద నా అడుగులు చూసుకుంటాను. కొన్ని రోజులు ఎడమ మడమ పడుతుంది, కొన్ని రోజులు సగమే. ఆమె ఉంటే చూపించేదాన్ని.

నేను ఆమెని చూసిన ఆఖరిరోజు మధ్యాహ్నం వార్డు కడుగుతున్నారు. జావ తాగించి, మూతి తుడిచి, "మామ్మా, మా నాయనమ్మకి ఆ రోజు నేను" అని ఆగిపోయాను.

"చప్పుడు సంగతేనా?" అంది. "నా దగ్గర చెవులు మూసుకున్నావు చూడు, ఆనాడే అనుకున్నా."

"నా వల్లేనా మామ్మా?"

"పడ్డప్పుడే విరిగిందో, నువ్వు మోపితే విరిగిందో నాకు తెలీదు. కాదని చెబితే నీకు హాయిగా ఉంటుంది. తెలీని సంగతి తెలిసినట్టు నేనెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అది నీకూ తెలీదు. తెలీనిదాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు తుంటి మీద మోశావు."

చూడవచ్చినవాళ్ళని వెళ్ళమని గంట కొట్టారు. గిన్నె తీసుకుని లేచాను. నేలంతా తడి. తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. తల ఎత్తలేని మనిషి నా అడుగులు ఎలా చూసిందో తెలియదు.

"మడమ ఆనించి నడవ్వే, పిల్లా."