సొన మండిన చెయ్యి

నిన్న మా కోడలు ఆవకాయకి కాయలు కడుగుతూ ఒకదాని తొడిమ తుంచింది. సొన చిమ్మి నా ముంజేతి మీద పడింది. మంట కన్నా ముందు ఆ ఘాటు వాసన ముక్కుకి తగిలింది. దాంతోపాటే సామ్రాజ్యం అత్త గుర్తొచ్చింది. అత్త అంటే చుట్టం కాదు, మా అత్తవారింటి పక్కిల్లు ఆవిడది. ఎనభైల మొదట్లో నేను బాపులపాడు నుంచి నూజివీడు పక్క ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, నన్ను మామిడి తోట పనికి వెంటబెట్టుకెళ్లింది ఆవిడే. కాయ ఎలా పట్టుకోవాలో, సొన కారిపోయేదాకా ఎలా బోర్లించాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

కోసిన రసాల కాయల్ని తోట షావుకారు కొట్టంలో వరిగడ్డి వేసి మాగబెట్టేవారు. గడ్డి ఎప్పుడు విప్పాలో చెప్పాల్సింది అత్తే. కుడిచెయ్యి మోచేతిదాకా గడ్డిలోకి దూర్చి, కళ్లు మూసుకుని, లోపలి వెచ్చదనం చూసి, "రేపు కాదండీ, ఎల్లుండి" అనేది. ఎల్లుండి విప్పితే కాయలన్నీ పసుపు ముద్దల్లా ఉండేవి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ చెయ్యే ఆవిడకి అన్నం పెట్టేది.

ఒక ఏడు చూద్దును గదా, ఎడమచెయ్యి దూరుస్తోంది. "అదేంటత్తా, చెయ్యి మార్చావు?" అన్నాను. "వాగకు, పని చూసుకో" అంది. సాయంత్రం కాలవ దగ్గర తనే చెప్పింది. కుడి ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. అక్కడ నిప్పురవ్వ పడ్డా తెలియడం లేదట. సొన కాలిన మచ్చ అనుకుని ఇన్నాళ్లూ ఊరుకుంది. తోట పనివాళ్లలో సొన మచ్చ లేనిదెవరికి? నెలకోసారి సైకిలు మీద వచ్చి కుష్ఠుకి మందులిచ్చే ఆయన ఒకరు ఉండేవారు. అత్త వెళితే ఆ మచ్చని దూదితో తాకి చూసి, అది కుష్ఠేనని బిళ్లలిచ్చి, "నయమవుతుందమ్మా. కానీ మధ్యలో మచ్చ ఎర్రబడినా, నొప్పెట్టినా వెంటనే రావాలి" అని రెండుసార్లు చెప్పారు.

మరుసటి ఎండాకాలం, కోతలు ముమ్మరంగా సాగుతుండగా, అత్త చెట్ల మధ్య నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "మండుతోందే పిల్లా! సొన పడితే మండుతోంది! చేతికి ప్రాణమొచ్చింది!" చూస్తే మచ్చ ఎర్రగా పొంగి ఉంది. మోచెయ్యి సలుపుతోందంటే కొబ్బరినూనె రాయబోయాను. "ఉండనీయవే, దీనికోసమేగా అన్ని బిళ్లలు మింగింది" అని నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నెల మందుకి వెళ్లినా చేతి మీద పైట కప్పుకుని, "బాగానే ఉందండీ" అని వచ్చేసింది. ఆయన ఆసుపత్రికి పొమ్మంటే కోతల్లో పని పోతుందని భయం.

కోతలయ్యేసరికి చిటికెనవేలు, ఉంగరంవేలు లోపలికి ముడుచుకుపోయాయి. ఈసారి ఆయన దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన చెయ్యి తిప్పి చూసి, మోచేతి దగ్గర నరం తడిమి చెప్పారు. "ఆ క్రిములు మీ నరంలో దాక్కుని ఉన్నాయమ్మా. రక్తంలో కాపలా కాసే కణాలు ఇన్నాళ్లూ వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కసారిగా లేచి మీద పడ్డాయి. మందుకి చచ్చిన క్రిముల్ని కూడా వదల్లేదు. పోట్లాటంతా నరంలోనే కదా, నరమే వాచి నలిగిపోయింది."

"మరి మండింది గదండీ? ప్రాణం రావడం కాదా అది?" అంది అత్త.

"కాదమ్మా. పోవడం."

వాపుకి వేరే బిళ్లలిచ్చారు. ఎరుపు తగ్గింది, సలుపూ తగ్గింది. వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. దారిలో అత్త ఒకటే మాట అంది: "నన్ను కాపాడ్డానికి లేచిన నా ఒళ్లే నన్ను కాల్చింది. ఇంకెవర్ని తిట్టనే?"

తర్వాత మందు పూర్తయింది, ఒంట్లో రోగం లేదన్నారు. ఆ సంతోషంతో కొట్టానికి వెళితే షావుకారు గుమ్మంలోనే ఆపేశాడు. "ఆ వేళ్లు చూస్తే కాయ ఎవరూ కొనరు సామ్రాజ్యం. నువ్వు గడ్డి జోలికి రావద్దు." అత్త గొంతు పెంచలేదు. "రోగం ఉన్నన్నాళ్లూ నా చేతి కాయే ఊరంతా తిన్నారండీ. పోయాక భయమేస్తోందా?" ఆయన తల దించుకున్నాడు. పనికి మాత్రం పిలవలేదు. ఆ తర్వాత కొట్టంలో కాయలు అదనుకి మాగినా, కుళ్లినా, అత్త అటు తిరిగి చూడలేదు. గొడ్లకి గడ్డి కోసుకొస్తూ, ఎవరింట్లోనైనా బియ్యం చెరుగుతూ బతికింది.

రోజూ సాయంత్రం ఆవిడ చెయ్యి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే సాగదీసేదాన్ని. ఆ మందులిచ్చే ఆయనే అలా చెయ్యమన్నారు. "నొప్పిగా ఉందా అత్తా?" అనడిగితే, "నువ్వు పట్టుకున్నట్టే తెలియడం లేదే. కనబడుతున్నావుగా, చాలు" అనేది. నా వేళ్లు కదిలినంతసేపూ వాటినే చూస్తూ కూర్చునేది, చూపు తిప్పితే నేను వదిలేసినట్టవుతుందేమో అన్నట్టు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మనవరాలిదైనా, మంచాన పడ్డవాళ్లదైనా, ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు వాళ్ల మొహంలోకి చూస్తాను. నేను పట్టుకున్నట్టు తెలిసిందా లేదా అని.