శేషన్న గ్రూపులు

కోయిలకుంట్ల పక్కన ఆ ఊర్లో శేషన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ పనికైనా వాట్సాప్ గ్రూపు పెడతాడు. పెట్టిన మెసేజీ చదివారో లేదోనని ఇంటింటికీ పోయి అడుగుతాడు.

ఆ ఊరి రైతు జయకుమార్ ఫోన్లోనే ఆయన గ్రూపులు పంతొమ్మిది. తప్పిపోయిన నల్లకోడికి ఒకటి. కోడి సాయంత్రానికే ఇల్లు చేరింది, గ్రూపు మాత్రం మూడేళ్ళుగా నడుస్తూనే ఉంది. గ్రూపులు ఎక్కువయ్యాయని జనం గొణిగితే, ఆ గొణుగుడికీ ఒకటి పెట్టాడు మహానుభావుడు!

జయకుమార్ పళ్ళు తోముకుంటుంటే గేటు కాడ శేషన్న ప్రత్యక్షం.

"ఏమప్పా, కొళాయి మెసేజీ చూసినావా?"

"చూసినా అన్నా."

"ఏముండాది దాంట్లో?"

జయకుమార్ గబగబా పళ్ళు తోమసాగాడు. శేషన్నే చెప్పాడు.

"రేపు నీళ్ళు రావంట. బిందెలు నింపిపెట్టుకో."

"ఇంటికొచ్చి చెప్పేదానికి మళ్ళా గ్రూపెందుకన్నా?"

"చెప్పాపెట్టకుండా ఇంటికొస్తే బాగుంటాదా?"

ఒక ఆదివారం జయకుమార్ విసిగిపోయి అన్ని గ్రూపుల్లోంచీ బయటికొచ్చేశాడు. చర్చికి పోదామని చొక్కా గుండీలు పెట్టుకునేలోపే శేషన్న దిగాడు. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగి, అక్కడే నిలబడి మళ్ళీ అన్నింట్లోనూ చేర్చిపోయాడు. ఇక లాభం లేదని జయకుమార్ ఆయన నంబరే బ్లాక్ చేశాడు. అప్పట్నుంచి శేషన్న రోజుకు రెండుసార్లు రాసాగాడు.

"నీ ఫోన్లో సిగ్నల్ లేనట్టుండాది. నేనే చెప్పి పోతాలే!"

ఆ ఫిబ్రవరిలో జయకుమార్, భార్య స్తుతి డోన్‌లో పెండ్లికి పోయారు. నాలుగెకరాల శనగలు నూర్చి కల్లంలో కుప్ప పోసి ఉన్నాయి. పైన పట్ట కూడా కప్పలేదు. విస్తరి ముందు కూర్చున్నారో లేదో ఆకాశం నల్లబడింది. శనగలు తడిస్తే నల్లబడతాయి, ఏడాది కష్టమంతా మట్టిపాలే. జయకుమార్ శేషన్న బ్లాక్ తీసి ఫోన్ చేశాడు.

"అన్నా, కల్లంలో శనగలు..."

"యాడుండావు?"

"డోన్‌లో."

"తిని నిదానంగా రా." అంతే, ఫోన్ పెట్టేశాడు.

"నిదానంగా రావాల్నంట!" జయకుమార్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ తినకుండానే బస్సెక్కారు. దారి పొడుగునా వానే.

కల్లం చేరేసరికి కుప్ప కనపడలేదు. నీలం పట్టలు, లారీ పట్టలు, ఎవరిదో షామియానా, అన్నీ దాని మీదే ఉన్నాయి. జయకుమార్ లోపల చెయ్యి పెట్టి చూస్తే శనగలు గలగలమన్నాయి. చుట్టూ ముప్పైమంది తడిసి ముద్దయి నిలబడ్డారు. ముసలి లక్ష్మీదేవమ్మ పట్ట అంచున రాళ్ళు పెడుతోంది.

"నీకెట్ల తెలిసింది అవ్వా? నువ్వు గ్రూపుల్లో లేవు గదా?"

"నాది బొత్తాల ఫోను నాయనా. ఏమున్నా శేషన్నే వచ్చి చెప్తాడు. ఈ పొద్దు కూడా వానలో ఇంటింటికీ పరిగెత్తినాడు. నా మాదిరోళ్ళు ఊర్లో శానామంది. మా ఇండ్లకు మాత్రమే వస్తే మాకు చిన్నతనమని అందరిండ్లకూ తిరుగుతాడు, పిచ్చినాయన!"

జయకుమార్ నేరుగా పంచె పిండుకుంటున్న శేషన్న దగ్గరికి పోయాడు.

"అన్నా, రేపట్నుంచి పడమటి వీధి నేను తిరుగుతా."

శేషన్న ముఖం వెలిగిపోయింది.

"పదకొండిండ్లప్పా. ప్రతి ఇంట్లో టీ ఇస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు, తాగాల్సిందే."

జయకుమార్‌కు టీ అంటే గిట్టదు. అయినా సరేనన్నాడు.