ఆరు వారాల లెక్క

"నెల దినాల పెండ్లికి ఆరు వారాల కడుపు యాడినుంచి వచ్చిందమ్మా? పుస్తకాలు సదివినదానివి కదా, నువ్వే చెప్పు."

ఫోన్‌లో ఈ మాట అడిగింది మా చెల్లెలి అత్త, పుంగనూరు నుంచి. అప్పుడు నేను మదనపల్లెలో నా కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. మిషను ఆపాను. పెళ్లయి నెలా ఒక రోజు. ముందురోజు చెల్లెలికి స్కానింగ్ తీయించారు. కాగితంలో ఆరు వారాల రెండు రోజులు అని ఉంది. అది చూసి అత్త వేళ్లమీద లెక్క పెట్టుకుంది. పెళ్లినాటికే పిల్ల కడుపుతో ఉందని తేల్చేసింది. "సాయంత్రంలోపల వచ్చి మీ పిల్లను పిల్చుకోని పో. అబ్బోడికి కూడా చెప్పేసినాం" అంది.

తర్వాత ఫోన్ చెల్లెలి చేతికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "అక్కా, నీ నోటుబుక్కు తీసుకోని రా" అని పెట్టేసింది.

ఆ నోటుబుక్కు సంగతి చెప్పాలి. నా చదువు పదో తరగతితో ఆగిందంటారు మా వాళ్లు. ఆగింది బడి ఒక్కటే. ఆ తర్వాత మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదివినంత నేను బడిలో ఎన్నడూ చదవలేదు. అక్కడ వైద్యం అలమారాలో ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. నాకప్పుడు పదిహేడేళ్లు. దాన్ని చేతిలో చూసి లైబ్రరీ ఆయన, "అది పెండ్లయినోళ్లు సదివేది పాపా" అన్నాడు. "ముందే సదివిపెట్టుకుంటే మంచిదే కదా సార్" అన్నాను. ఆయన ముద్ర వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే, బొమ్మలున్న రెండు పేజీలు ఎవరో చింపుకుని పోయారు. ఎవరు చింపారో, ఎందుకు చింపారో ఊహించగలను. ఆ కోపం ఇప్పటికీ ఉంది. బొమ్మలు పోయినా మాటలు మిగిలాయి. అవి చదివి నా నెలసరి తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ పోయి చెల్లెలు నా చేతికి వచ్చాక, అది పెద్దమనిషయిన నెల నుంచి దాని తేదీలు కూడా అదే పుస్తకంలో వెనకవైపు నుంచి రాశాను.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు ఇది ఎలాగో తెలిసిపోయింది. "అక్కా, కొండకు పోవాల. నాకు ఈసారి ఎప్పుడొస్తాదో సూసి చెప్పు" అని అడిగేవాళ్లు. పోయినసారి ఎప్పుడని నేనడిగితే ఒక్కరూ మొదటిరోజు చెప్పేవాళ్లు కాదు. "ఆదివారం పోసుకున్యా" అనేవాళ్లు. అంటే నాలుగోరోజు తలకు పోసుకున్న రోజు. ఇంటివాళ్లకు కావాల్సింది ఆ రోజే. వంటింట్లోకి ఎప్పుడు వస్తుంది, పొయ్యి ఎప్పుడు ముట్టిస్తుంది అన్నదే వాళ్లకు లెక్క. నొప్పి మొదలైన రోజును ఎవరూ అడగరు కాబట్టి ఆడవాళ్లు కూడా గుర్తుపెట్టుకోరు. నేను దాంట్లో మూడు రోజులు తీసేసి, ఆ మనిషి పద్ధతిని బట్టి ఇరవై ఎనిమిదో ముప్పయ్యో కలిపి చెప్పేదాన్ని. చాలాసార్లు సరిపోయేది. "అయ్యవారి కంటే నువ్వే మేలక్కా. ఆయనకైతే టెంకాయి ఇయ్యాల" అని నవ్వేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది. దాచుకోను.

చెల్లెలి పెళ్లి మాటలప్పుడు ఆ గర్వమే నాతో ఒక పని చేయించింది. అయ్యవారు మూడు ముహూర్తాలు చెప్పాడు. నాలుగో తేదీ, పదహారు, ముప్పై. అత్త నన్ను పక్కకు పిలిచి, "పిల్ల ఎప్పుడు పోసుకుంటాది? అడ్డం రాని దినం పెట్టుకుందాం" అంది. ఆ మాట నాకు తప్పనిపించలేదు. పైగా నేను చీటీ రాసి చేతికిచ్చాను. మూడున వస్తుంది, ఆరున తలకు పోసుకుంటుంది, మళ్లీ ముప్పై ఒకటి. నాలుగు పనికిరాదు, ముప్పై దగ్గరైపోతుంది, పదహారు ఖాయం చేశారు. నేను రాసినట్టే మూడున వచ్చింది. ఆరున అత్త ఫోన్ చేసి "పోసుకునిందా?" అని అడిగి, తన గోడ క్యాలెండర్లో ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీసుకుంది. పదహారున పెళ్లి జరిగింది. చెల్లెలి మొగుడు, అదే మా మరిది, కుప్పంలో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడ గది సర్దుకునేదాకా చెల్లెలు పుంగనూరులో అత్త దగ్గర ఉండాలని మాట.

నోటుబుక్కు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

పుంగనూరులో ఆ ఇంటి వసారాలో చెల్లెలి మామ పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి, "లోపలికి పోమ్మా. ఆడోళ్ల యవ్వారం, నాకేం తెలీదు" అని పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. లోపల చెల్లెలు గోడకానుకుని కూర్చుంది. దాని బట్టల సంచి అప్పటికే సర్ది పక్కన పెట్టేశారు. మడతలు చూస్తేనే తెలిసింది, అది సర్దింది చెల్లెలు కాదు.

"అత్తా, ఆ వారాలు పెండ్లినుంచి లెక్క కాదు. ఆఖరిసారి బయటైన మొదటి దినం నుంచి" అన్నాను.

"ఆ దినం కడుపే లేదు కదమ్మా! లేని బిడ్డకు వయసేంది? నన్ను ఎర్రిదాన్ని చేస్తాండావా?"

నిజం చెప్పాలంటే అది తెలివైన ప్రశ్నే. మొదటిసారి చదివినప్పుడు నేనూ అదే అనుకున్నాను.

"బిడ్డ ఏ దినం పడిందో ఎవురికీ కనపడదత్తా. బయటైన దినం ఆడదానికి తెలుస్తాది. అందుకే డాక్టర్లు ఆడినుంచి మొదలుపెడతారు. ఆ ఆరు వారాల్లో మొదటి రెండు వారాలు బిడ్డే లేదు."

"నీ పుస్తకాలతో ఎట్లయినా తిప్పుతావు నువ్వు."

"నా పుస్తకం పక్కన పెట్టు. ఆస్పత్రి కాగితం తే."

తెచ్చింది. పైన రెండో వరసలోనే తేదీ ఉంది. ఆఖరి నెలసరి, మూడో తేదీ. ఆ కాగితాన్ని ఇంట్లో అందరూ చూశారు. ఆరు వారాలు అన్న చోట వేలు పెట్టి చూశారు. దాని పైవరస ఒక్కరూ చదవలేదు. అత్త దాన్ని దూరంగా పట్టుకుని చూసి, ఒక్కసారిగా లేచి గోడమీది క్యాలెండర్ దగ్గరకు పోయి వెనకటి నెల తిప్పింది.

"ఇదో, నేను చుట్టింది ఆరు. దీంట్లో మూడు అనుండాది. ఈడే దొరికిపోయింది సూడు అబద్ధం!"

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు చుట్టింది అది తల పోసుకున్న దినం అత్తా. ముందు మూడు దినాలు మా చెల్లెలు నొప్పితో ముడుచుకోని పడుకునుండాది. అవి నీ క్యాలెండర్లో యాడా లేవు" అన్నాను. గొంతు ఎంత పెరిగిందో వసారాలో పేపరు చప్పుడు ఆగినప్పుడు తెలిసింది.

క్యాలెండర్ని మేకునుంచి తీసి నేలమీద పెట్టాను. నోటుబుక్కు తెరిచి పక్కన పెట్టాను. ఆమె వేలే పట్టుకుని మూడు మీద పెట్టి, "ఇప్పుడు నువ్వే లెక్కబెట్టు" అన్నాను. పదికి ఒక వారం. పదిహేడుకు రెండు. అక్కడ ఆమె వేలు నిలబడిపోయింది. పదిహేడు పక్కనే పదహారు ఉంది. పెళ్లిరోజని పసుపు పూసిన గడి. పెళ్లికి రెండు వారాలు అప్పటికే అయిపోవచ్చాయి. నేను చెయ్యి వదల్లేదు. చివరిదాకా లెక్కపెట్టించాను. స్కానింగ్ రోజుకు ఆరు వారాలూ రెండు రోజులే వచ్చింది.

"ముహూర్తం నువ్వు ఎంచిందే కదత్తా" అన్నాను. "అడ్డం రాని దినం కావాలంటివి. రెండు ముట్లకు నడిమధ్యలో పెట్టిస్తివి. కడుపు పడేదే ఆ దినాల్లో. నువ్వే పెట్టించి, నువ్వే యాడిదని అడగతాండావు."

ఆమె క్యాలెండర్ని చేత్తో తుడిచి మళ్లీ గోడకు తగిలించింది. "సరేలేమ్మా. లెక్క తప్పింది. మనసులో పెట్టుకోబాకండి" అంది. ఆ మాట నాతో అంది. గోడకానుకుని ఉన్న మనిషి వైపు తిరగనైనా తిరగలేదు. "ఉండండి, కాఫీ పెడతా" అని వంటింట్లోకి పోబోయింది.

ఒక ఆడపిల్లను రంకుదని అని, సంచి సర్ది, కాఫీతో కడిగేసుకోవచ్చన్నమాట. నేను ఏదో అనబోయాను. చెల్లెలు నాకంటే ముందే లేచింది.

"కాఫీ వద్దత్తా. నిన్నటినుంచి ఆయనకు ఏడుసార్లు ఫోన్ చేసినా, ఎత్తలేదు. యాల ఎత్తలేదో అడగల్ల. కుప్పం పోతాండా."

సంచి తనే ఎత్తుకుంది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

బస్సు పలమనేరు దాటి వెంకటగిరికోట వైపు తిరిగాక దాని ఫోన్ టింగుమంది. దాంట్లో నెలసరి యాప్ ఉంది, కాలేజీలో వేసుకున్నది. 'మీ పీరియడ్ పదిహేడు రోజులు ఆలస్యం' అని చూపించి, చెల్లెలు ఆ రోజు మొదటిసారి నవ్వింది. "దీనికీ డౌటే అక్కా" అంది. నాకు నవ్వు రాలేదు. నేను రాసిచ్చిన ఆ చీటీ కళ్లముందే ఉంది. నా చెల్లెలి ఒంట్లో ఏం జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో ఎదుటివాళ్ల చేతిలో రాసిపెట్టింది నేనే. చక్కటి దస్తూరితో. ఆ రోజు తర్వాత పెళ్లికొడుకు వాళ్ల కోసమని ఎవరు వచ్చి అడిగినా తేదీ చెప్పడం మానేశాను. తన కోసం అడిగితే కూర్చోబెట్టి లెక్క నేర్పిస్తున్నాను. మొదటిరోజు నుంచి.

కుప్పంలో దిగి ఫ్యాక్టరీ దగ్గరికి పోయేసరికి షిఫ్టు వదిలారు. మరిది గేటులోంచి బయటికి వచ్చాడు. కనుబొమలదాకా రాతిపొడి. మమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. దగ్గర్లోనే ఉన్న గదికి తీసుకుపోయాడు. కొత్త చాప, రెండు గిన్నెలు, పాలవాడిచ్చిన క్యాలెండర్. అంతే ఆ గది.

"నేనేం అనలేదు కదా" అన్నాడు. అతని మొదటి మాట అదే.

"అదే అడగతాండా" అంది చెల్లెలు. సంచి భుజానే ఉంది. "మీ అమ్మ నన్ను అంత మాట అంటే నువ్వేం అన్లేదు. యాల?"

"నాకీ లెక్కలు తెలీవు. ఫోన్ ఎత్తితే ఏం చెప్పాలో తెలీలేదు."

"నన్ను అడగొచ్చు కదా."

అతను నావైపు చూశాడు, నేనేమైనా సాయం చేస్తానేమోనని. నా కోపం అంతా పుంగనూరులోనే అయిపోయిందనుకున్నాను కానీ, ఆ మెత్తటి మనిషిని చూస్తే ఇంకా ఎక్కువైంది. అత్తైనా లెక్కపెట్టింది, తప్పుగానే పెట్టనీ. ఇతను అదీ చేయలేదు.

చెల్లెలు అతన్ని క్యాలెండర్ దగ్గర నిలబెట్టి మూడు చూపించింది. అతను వారాలు లెక్కపెట్టాడు. గట్టిగా, బడిపిల్లాడిలా. పదిహేడు దగ్గర అతనూ ఆగాడు. తిరిగి మొదలుపెట్టి మళ్లీ లెక్కపెట్టాడు. వేలి రాతిపొడి అంకెలమీద తెల్లగా అంటుకుంది.

"ఇప్పుడు మీ అమ్మకు ఫోన్ చెయ్" అంది. "నేను చెప్పిందని కాదు, మా అక్క చెప్పిందని కాదు. నువ్వు లెక్కబెట్టినావని చెప్పు."

చేశాడు. స్పీకర్లో పెట్టమంది, పెట్టాడు. "తెలుసులేరా. వాళ్లక్క వచ్చి చెప్పిపాయె కదా. వదిలేయ్" అంది అత్త గొంతు.

"లేదుమా, విను" అన్నాడు. "మూడో తేదీనుంచి మొదలు..." అని చెప్పడం మొదలుపెట్టాడు. తడబడ్డాడు. పదిహేడు దగ్గర అటువైపు నుంచి "ఊఁ" అని కూడా రాలేదు. అతను ఆపలేదు. ఆరు వారాల రెండు రోజులదాకా వచ్చాక, "మన తప్పుమా. నువ్వే దానికి ఆ మాట చెప్పల్ల" అన్నాడు. అటువైపు ఫోన్ కట్టయింది.

అప్పుడు చెల్లెలు సంచి కింద పెట్టింది. పెట్టొద్దు, నాతో మదనపల్లెకు వచ్చేయ్ అనాలని నోటిదాకా వచ్చింది. కానీ అది నా సంచి కాదు.

నోటుబుక్కు వెనకవైపు ఉన్న దాని పేజీలు చించి దాని చేతికిచ్చి, చివరి బస్సు పోకముందే బయల్దేరాను.