తెలుగుకు తెలుగు దుబాసీ

తలమీద బరువుంటే దారిన పోయేవాళ్లను పిలిచి కాస్త దించమని అడగవచ్చు. నాది నాలుక మీద బరువు. ఎన్నో ఏండ్లుగా మోస్తున్నాను. మోస్తూనే తిన్నాను, నవ్వాను, కూతురి పెళ్లి చేశాను, మనవరాళ్లను తిడుతున్నాను. అంతా బాగానే ఉంటుంది. దారిలో ఎవరైనా తెల్లవాళ్లు కనబడి వచ్చీరాని తెలుగులో బస్సు యాడికి పోతుందని అడిగితే మాత్రం నా నోరు ఎండిపోతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువుగా ఉంది.

మాది పుత్తూరు. ఎముకలు విరిగినవాళ్లు కట్టు కట్టించుకోవడానికి వచ్చే ఊరు. పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. దూరం నుంచి వచ్చినవాళ్లు కట్టు విప్పేదాకా అక్కడే గదులు తీసుకుని ఉంటారు. మొగుడు పోయాక చంటిదాన్ని చంకనేసుకుని నేను ఆ గదుల్లో వాళ్లకు వండిపెట్టి, గిన్నెలు తోమి బతికాను. వచ్చేది అరవవాళ్లు, కన్నడం వాళ్లు, అప్పుడప్పుడు హిందీ వాళ్లు. వింటూ వింటూ అన్నీ పట్టుకున్నాను. నొప్పి, నీళ్లు, మెల్లగా, ఇంకా ఎన్నాళ్లు: ఈ మాటలు ఏ భాషలో అడిగినా నాకు తెలుసు. అక్షరం మాత్రం ఒక్క భాషలోనూ రాదు.

డెబ్బైల చివర అనుకుంటాను, ఒక దొరసాని వచ్చింది. వయసులో నాకన్నా కాస్త చిన్నది. పాకాలలో రైలు దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంటే ఎవరో తెచ్చి మా ఊళ్లో దించారు. పేరు చెప్పింది గానీ నా నోరు తిరగలేదు, దొరసానీ అనే పిలిచాను. తను నన్ను అక్కా అంది. పల్లెలు తిరిగి బాలింతలకు, పసిబిడ్డల తల్లులకు మంచీ చెడ్డా చెప్పే పని మీద మన దేశానికి వచ్చిందట. దానికి తెలుగు కావాలి. కాలు కదలదు, నోరు కదులుతుంది కదా, నేర్పమని నన్ను పట్టుకుంది.

ఎట్లా నేర్పాలి? తెలుగు అక్షరాలు ఆమెకూ రావు, నాకూ రావు. అంతా నోటితోనే. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడేదాన్ని, ఆమె అదే మాట తిరిగి చెప్పేది. తప్పు చెబితే నాకన్నా ముందు తనే నవ్వేది. అంత నవ్వే రోగిని నేను మళ్లీ చూడలేదు. నా తిట్లు కూడా నేర్చుకుంది. ఒకరోజు పాలలో నీళ్లు కలిపాడని పాలాయన్ని నా గొంతుతో, నా తిట్టుతోనే కడిగింది. ఆయన నావైపు తిరిగి, నువ్వెందుకమ్మా తిడతావు అన్నాడు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఆమె తెల్లటి మొహం చూడగానే మావాళ్లకు చెవులు మూసుకుపోయేవి. ఆ నోట్లోంచి వచ్చేది ఇంగ్లీషే అని ముందే అనుకునేవారు. కర్రలు పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఇద్దరం శెట్టి అంగడికి పోయాం.

"శెట్టన్నా, పోయినసారి ఇచ్చిన చింతపండులో అంతా గింజలే ఉండాయి. ఈసారి మంచిది ఇయ్యన్నా," అంది దొరసాని.

శెట్టి నోరు తెరుచుకుని ఆమెను చూసి, నావైపు తిరిగాడు. "ఏమంటాది మే?"

"పోయినసారి చింతపండులో అంతా గింజలేనంట. మంచిది ఇయ్యమంటాది."

"అట్ల తెలుగులో చెప్పు మరి. ఆయమ్మ ఇంగిలీసు నాకేం తెలుస్తాది."

ఆ రోజు ఇద్దరం ఇంటికొచ్చి పడీపడీ నవ్వుకున్నాం. అక్కడితో ఆగి ఉంటే ఇది వట్టి నవ్వుల కథ. ఆగలేదు.

ఎందుకంటే వీధి మారిపోయింది. నిన్నటిదాకా గిన్నెలు తోమేదాన్ని నేను. ఇప్పుడు దొరసాని భాష తెలిసిన మనిషిని. మే అన్న శెట్టి అమ్మా అన్నాడు. కట్టు కట్టే ఇంటివాళ్లు కుర్చీ వేశారు. కుర్చీ అంటే మీకు చిన్న సంగతి కావచ్చు, అప్పటిదాకా నన్నెవరూ ఏ ఇంట్లోనూ కూర్చోమనలేదు. మొదట్లో ఎవరైనా ఏమంటాది అని అడిగితే, అది తెలుగేనప్పా, వినండి అనేదాన్ని. తర్వాత అనడం మానేశాను. ఇంకా తర్వాత, వాళ్లు అడగకముందే, ఆమె మాట పూర్తికాకముందే అందుకుని అదే మాట నేను చెప్పేదాన్ని. ఆమె చెప్పినప్పుడు తలూపనివాళ్లు నేను చెప్పగానే తలూపేవాళ్లు. అది ఆమె చూస్తూనే ఉంది. మెల్లమెల్లగా ఆమె గొంతు తగ్గింది. నాకు తెలియలేదా? తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

చాలా నెలలకు కట్టు విప్పారు. కాలు బాగానే అతికింది. ఆ మధ్యాహ్నం నేను వసారాలో బియ్యం చెరుగుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, ఒకటి అడగతా. నిజం చెప్పల్ల."

"అడుగు."

"రేపు నన్ను పనికి పెట్టిన మా పెద్దాయన జీపులో వస్తాడు. పల్లెల్లో పనికి పోతావా, మీ ఊరికి పోతావా అని అడగతాడు. నాకు తెలుగు వచ్చిందా అక్కా? నేను చెప్తే ఎవురికీ అర్థం కాలే. నువ్వు చెప్తేనే అవతాది."

ఇంత మాట తడుముకోకుండా చెప్పింది. ఇంకేం రావాలి? నేను చేట పక్కన పెట్టి ఆమె మొహం చూశాను. వచ్చింది అంటే రేపు జీపెక్కి పల్లెలకు పోతుంది, నేను గిన్నెల దగ్గరికి పోతాను. రాలేదు అంటే నన్నూ జీపెక్కిస్తుంది, ఊరూరా నాకు కుర్చీ వేస్తారు. నేను ఆలోచించింది ఇంతే. బాలింతలు గుర్తురాలేదు, పసిబిడ్డలు గుర్తురాలేదు. ఆమె కూడా గుర్తురాలేదు, ఎదురుగా కూర్చునే ఉన్నా.

"రాలేదు దొరసానీ," అన్నాను. "నన్ను పిలుచుకోని పో. నువ్వు చెప్పేది నేను వాళ్లకు చెప్తా."

ఆమె కాలు నిమురుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఆడమనిసి కడుపులో మాట నాతో చెప్పుకోవల్లంటే నడమ ఇంకో మనిసి ఉండకూడదక్కా. అట్ల కుదరదు. నేను మా ఊరికే పోతా." నా చేయి పట్టుకుంది. "నువ్వన్నా నిజం చెప్పినావు. మంచిదానివి."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అబద్ధమాడాను, నీకు తెలుగు వచ్చింది అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? మంచిదానివి అన్న మాట చెవిలో పడ్డాక, కాదు చెడ్డదాన్ని అనడానికి నోరు రాలేదు. సిగ్గనుకోండి. పొగరనుకోండి. రెండూ అనుకోండి.

మరునాడు పెద్దాయన జీపులో వచ్చాడు. ఆమె జీపెక్కి వీధిలో అందరికీ చేతులు జోడించి, "పోయొస్తా, అందరూ బాగుండండి," అంది. శెట్టి నావైపు తిరిగాడు.

"ఏమంటాదమ్మా?"

"పోయొస్తానంటాది," అన్నాను. అందరూ బాగుండమన్న మిగతా సగం చెప్పలేదు.

నెల తిరక్కముందే శెట్టి మళ్లీ మే అనడం మొదలుపెట్టాడు. కుర్చీ వాళ్లింట్లోనే ఉండిపోయింది. నాకు ఆ శాస్తి కావాల్సిందే, దాని గురించి ఏడుపు లేదు.

చాలా ఏండ్ల తర్వాత మా వీధిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. కూతురి పోరు పడలేక నేనూ పోయి చేరాను. నా పేరు రాస్తే పలకమీద పాము పాకినట్టుంది. నేర్పే పిల్ల చూసి, "వచ్చేసిందవ్వా, ఇంకేముంది," అంది. రాలేదని నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. అయినా మర్నాడు అందరికన్నా ముందు పోయి కూర్చున్నాను. ఆ పూట బడిలో అందరూ పాఠం చదువుతుంటే నాకు దొరసాని గుర్తొచ్చింది. రాని దానికి వచ్చింది అన్నది ఆ పిల్ల. వచ్చినదానికి రాలేదు అన్నది నేను.

కొండ దగ్గరే కదా, స్వామికి చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పుకున్నాను, ఒకసారి కాదు. ఆయన విన్నాడో లేదో గానీ ఆమెకైతే చెప్పి ఉండడు. ఆమె ఏ దేశంలో ఉందో, అసలుందో లేదో తెలియదు. తనకు తెలుగు రాలేదనే అనుకుంటూ ఉంటుంది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో పని కాదు.

ఆమెకు తెలుగు వచ్చింది. శెట్టికన్నా, నాకన్నా ఏమీ తక్కువ కాకుండా వచ్చింది. రాలేదని చెప్పింది నేను. చెప్పేశాను, అబ్బ. ఇక లేచి ఇంత అన్నం తింటాను.