వల విసరడం రాని మాస్టారు

ప్రకాశరావు మాస్టారికి అసలు విసరడమే రాదనీ, గుడివాడలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా ఎలా నెట్టుకొచ్చారో ఏమోననీ మా గిలకలదిండి రేవులో చెప్పుకుంటున్నారు. అది తప్పు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఎవరికీ ఏదీ చెప్పరు. ఎదురుగా నిలబడి తప్పుగా చేస్తారు.

రిటైరయ్యాక మా పక్క వాటాలో దిగారు. ఆయన దగ్గరో లావుపాటి నోటుబుక్కు ఉండేది. అందులో ఏముందో తెలియక నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోనాడు ఆయనే తెచ్చి, తలకిందులుగా పట్టుకుని, "కళ్లజోడు కనబడటం లేదండీ, మహాలక్ష్మమ్మ గారూ" అన్నారు. కళ్లజోడు నెత్తిమీదే ఉంది! ఐదో తరగతి తర్వాత నేను చదివిన మొదటి పుస్తకం అదే.

అందులో ఉన్నది, బేస్‌బాల్ అనే ఆటలో బంతి విసరడం మీద ఆయన చేసిన పరిశోధనట. మోచెయ్యి ఎత్తండర్రా అని చెబితే పిల్లల బంతి ఎటో పోయింది. ఏమీ చెప్పకుండా ఎదురుగా, ఎత్తులో, గురికి ఒక డబ్బా పెడితే మోచెయ్యి దానంతటదే లేచింది. కింద ఎర్రసిరాతో ఒక ముక్క: 'చెబితే చెయ్యి బిగుసుకుంటుంది.'

ఆ ఏడే మా మరిది కొండయ్య పడవ మీంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక డాక్టరు, రోజూ చెయ్యి ఎత్తకపోతే అలాగే ఉండిపోతుందన్నాడు. వల విసరలేకపోతే వాడికి బతుకే లేదు.

"ఎత్తవయ్యా కొండయ్యా!"

"నొప్పి, వదినా."

"కొంచెమన్నా ఎత్తు!"

"నువ్వు గొంతు ఎత్తుతున్నావుగా, చాలదా?"

మాస్టారు కొండయ్య వల అడిగి తీసుకున్నారు. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయే పొద్దున్నపూట, మంచులో, రోజూ గట్టున కొండయ్య ఎదురుగా నిలబడి వల విసిరేవారు. అది తడిబట్టల మూటలా దభీమని పడేది. కొంగలు కూడా లక్ష్యపెట్టేవి కావు.

"మాస్టారూ, చేపలకి దెబ్బలు తగుల్తాయండీ!"

"తప్పెక్కడంటావు?"

"మోచెయ్యి లేవాలండీ."

"ఎందాకా?"

కొండయ్య చెయ్యి బొడ్డుదాకా ఎత్తి చూపించాడు. వారానికి ఛాతీదాకా, ఇంకో పది రోజులకి గడ్డందాకా. నొప్పికి కళ్లనీళ్లు తిరుగుతున్నా, ఆ విసురు చూసి ఓర్చుకోలేక ఎత్తేవాడు.

నెల దాటాక ఒకనాడు, "ఇలా తెండి, వల పరువు తీసేస్తున్నారు!" అని లాక్కున్నాడు. వల గాలిలో విచ్చుకుంది. ఎర్రటి పొద్దు అందులో చిక్కి, కాసేపు అక్కడే ఆగిపోయినట్టుంది. తర్వాత వల చప్పుడు లేకుండా, గుండ్రంగా నీళ్లమీద వాలింది.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పండి మాస్టారూ. వల రానట్టు నటించారు కదూ?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"మొదటి వారం నటించానండీ. రెండో వారం నిజంగానే వేద్దామని చూశాను. అప్పుడూ అలాగే పడింది."