యంత్రాలను ‘మీరు’ అనే మా అక్క

మా అక్క మనుషులందరినీ ‘ఒరేయ్’, ‘ఒసేయ్’ అంటుంది. యంత్రాలను మాత్రం ‘మీరు’ అంటుంది. లిఫ్టు దిగేటప్పుడు “మీకు శ్రమ ఇచ్చాం” అని మరీ దిగుతుంది. వెనకే ఉన్న నన్ను, “కదలరా, మొద్దూ!” అంటుంది.

అక్క ఇంట్లో ఏ యంత్రమైనా ఆగిపోతే ‘పాడైంది’ అనకూడదు. ఒకసారి నోరు జారాను.

“ఫ్యాను పాడైందా అక్కా?”

“నీ నోరు పడిపోను! ఆయనకి కాస్త నలతగా ఉంది.”

మా అమ్మాయికి రోబోలు తయారు చేయాలని పిచ్చి. అందుకు కాలేజీలో ఏ బ్రాంచి తీసుకోవాలో మాత్రం తేలదు. నేను కంప్యూటర్స్ అన్నాను. మా ఆవిడ మెకానికల్ అంది. “రోబోకి అన్నీ కావాలి నాన్నా! నాకు నచ్చని దాంట్లో పడితే నాలుగేళ్ళూ ఏడుస్తూ చదవాలి,” అని పిల్ల గోళ్ళు కొరుక్కునేది.

సరిగ్గా ఆ సెలవుల్లోనే అక్క ఇంట్లో యంత్రాలన్నీ వరసగా మంచం పట్టాయి.

“ఒసేయ్ పిల్లా, వాషింగ్ మెషిన్ గారు లేవడం లేదే!” అని ఫోను. పిల్ల వెళ్ళి చూస్తే లోపల బెల్టు జారింది. ఎక్కించి, ఆవులిస్తూ వచ్చేసింది. ఆ తర్వాత కంప్యూటర్ గారికి మతి చలించింది. కుదురు చేసి, గడియారం చూసుకుంటూ వచ్చేసింది.

చివరికి నేల ఊడ్చే రోబో. ఈసారి పిల్లతో నేనూ వెళ్ళాను. ఖాళీ గదిలో ఎదురుగా గోడ ఉన్నట్టు బెదిరి, వెనక్కి వెనక్కి నడుస్తోంది.

“ఈయన దేన్ని చూసి దడుసుకున్నారో ఏమిటో!” అంది అక్క.

పిల్ల నేల మీద బోర్లా పడుకుంది. దాని ముందు చెయ్యి ఆడించింది, టార్చి వేసింది, మూత విప్పింది. అన్నానికి పిలిస్తే ఉలకదు, పలకదు. సాయంత్రానికి ఒక్క కేక వేసింది.

“దొరికింది! బంపరు చాటున సెన్సరు మీద ఏదో అతుక్కుంది నాన్నా. కన్ను మూసుకుపోయేసరికి అదే గోడ అనుకుంటోంది! ఇది ఎలా చూస్తుందో, చూసి ఎలా తేల్చుకుంటుందో... నాకు కావలసింది ఇదే. ఎలక్ట్రానిక్సే చదువుతా!”

అతుక్కున్నది దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క. నేను అక్క వైపు చూశాను. అక్క ఫ్యాను వైపు చూసింది.

“ఆ బెల్టు కూడా నీ పనేనా?”

“మరి? ఏది మంచిదో నువ్వూ నీ పెళ్ళామూ తెగ చెప్పారు. పిల్లకి ఏది ఆకలి మరిపిస్తుందో చూశారట్రా?”

“అంత గౌరవించేదానివి, పాపం వాటిని జబ్బున పడేశావా?”

“ఒక్కొక్కరికీ ముందే క్షమాపణ చెప్పుకున్నాన్లే.”

ప్లాస్టర్ ఊడగానే రోబో ఝామ్మని ముందుకు బయలుదేరింది. అక్క మురిసిపోతూ చూసి, నా మోకాలి మీద ఒక్కటి చరిచింది.

“కాళ్ళు పైన పెట్టుకోరా, వెధవా! ఆయన వస్తున్నారు.”